కరణంగారి డెస్కుకి మళ్ళీ లక్క పాలిష్: నా అనుభవం

మా తాతయ్య కరణీకం చేసిన రోజుల్లో నేల మీద చాప వేసుకుని, ముందు పెట్టుకుని రాసుకున్న వాలు డెస్కు అది. చూడనివాళ్ళకి చెప్పాలంటే, మోకాలెత్తు పెట్టె. పైమూత వెనక నుంచి ముందుకి ఏటవాలుగా ఉంటుంది. మూత ఎత్తితే దస్త్రాలు పెట్టుకునే పెద్ద అర, పక్కన సిరాబుడ్లకి రెండు గుంటలు, కలాలకి సన్నటి పల్లం. కోనసీమలో కరణాల ఇళ్ళల్లోనూ, కొట్లలో గుమస్తాల ముందూ ఒకప్పుడు ఇవే కనపడేవి. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులు రద్దు చేసింది. అడంగళ్ళూ చిట్టాలూ ఇంట్లోంచి వెళ్ళిపోయాయి, డెస్కు మిగిలింది. పిల్లలు చదువుకోడానికి పనికొస్తుందని ఎవరో దానికి ఆకుపచ్చ ఎనామిల్ పూశారు. ఆ పిల్లలం పెద్దయి తలోదిక్కూ పోయాక ధాన్యం గదిలోకి చేరింది, అక్కణ్ణుంచి అటకెక్కింది.

ఇల్లు మరమ్మతు మొదలెట్టినప్పుడు బాబాయి ఫోన్ చేశాడు. "అమ్మాయ్, కావాలంటే పట్టుకుపో. అడుగంతా పుచ్చిపోయింది. లేదంటే పొయ్యిలోకి పనికొస్తుంది" అన్నాడు. ఆ ఊరి వడ్రంగి మాత్రం దాన్ని తిరగేసి, మూత అంచున గోటితో గీకి, "ఆయ్, పొయ్యిలో పెట్టకండి, టేకేనండి" అన్నాడట. అలా అది హైదరాబాదులో మా ఫ్లాటు బాల్కనీకి వచ్చింది.

వచ్చీరాగానే చేసిన పని దాన్ని ఇంట్లోకి రానివ్వకపోవడం. పుచ్చు పట్టిన చెక్కని తెచ్చి మంచి బీరువా పక్కన పెట్టడం అంత తెలివైన పని కాదు. చిన్న చిన్న గుండ్రటి బెజ్జాలు కనపడ్డంత మాత్రాన లోపల పురుగు ఇంకా ఉన్నట్టు కాదు. అది ఎప్పుడో తిని పోయిన గుర్తు కూడా కావచ్చు. తేల్చుకోవాలంటే చెక్కని శుభ్రంగా దులిపి, కింద నల్ల కాగితం పరిచి, కదపకుండా కొన్నాళ్ళు వదిలెయ్యాలి. కాగితం మీద కొత్తగా, మెత్తగా, గోధుమపిండి రంగులో పొడి రాలితే పురుగు పనిలో ఉన్నట్టు. మా డెస్కు కింద రాలింది. అయితే రాలింది ఒక్క అడుగు చెక్క కిందే.

అందులో వింతేం లేదు. ఆ రోజుల్లో వడ్రంగులు కనపడే భాగాలకి టేకు వాడి, కనపడని అడుగుకి మామిడి చెక్కో మరోటో వేసేవారు. మామిడి చెక్కలో పిండిపదార్థం ఎక్కువ, పురుగుకి కావలసింది అదే. టేకు చేవలో సహజంగా ఉండే నూనెలూ రసాయనాలూ దానికి పడవు. టేకులోనైనా చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కకి ఆ రక్షణ లేదు. అందుకే "టేకుకి చెద పట్టదు" అనే మాటని పూర్తిగా నమ్మకూడదు, చేవ టేకుకి పట్టదు అనుకోవాలి. మా డెస్కులో ఎడమ పక్క పలక అంచున వేలెడు వెడల్పున తెల్ల చెక్క ఉంది. పురుగు సరిగ్గా అంతవరకే వచ్చి ఆగిపోయింది. చేవ మొదలైన గీత దగ్గర బెజ్జాలు తెగిపోయాయి.

అడుగు చెక్కని ఊడదీసి పారేశాను. ఆ తెల్ల అంచులోని బెజ్జాల్లోకి ఇంజెక్షన్ సిరంజితో చెక్కకి వాడే చెద మందు ఎక్కించి, పాలిథిన్ కవరు చుట్టి వదిలేశాను. కిరసనాయిలు పోస్తే చాలని చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. కిరసనాయిలు ఆవిరైపోతుంది, రక్షణేమీ మిగలదు, వాసన మాత్రం ఉంటుంది.

మా ఇంట్లో అందరూ ఇది రంగూన్ టేకు అంటారు. కాకినాడ నుంచి రంగూన్‌కి ఓడలు తిరిగిన కాలం కాబట్టి కాదనడానికి లేదు. అయితే గోదావరి మీద తెప్పలు కట్టి భద్రాచలం అడవుల టేకుని రాజమండ్రికి దింపిన కాలం కూడా అదే. కోనసీమలో ఏ ఇంటికి వెళ్ళినా ద్వారబంధం రంగూన్ టేకే అంటారు. గోదావరి టేకంతా ఎవరింటికి వెళ్ళిందో మరి!

ఇక రంగు. మూత కింది వైపు ఒక మూల బ్లేడుతో చిన్న కిటికీలా గీకి చూశాను. ఆకుపచ్చ కింద లేత నీలం, దాని కింద చాక్లెట్ రంగు, అన్నిటికీ కింద ఎర్రటి పాత పాలిష్. ఏ పాత సామానుకైనా ముందు ఇలా ఒక మూల గీకి పొరలు చూసుకోవడం మంచిది. ఏది ఎలా ఊడుతుందో అక్కడే తెలిసిపోతుంది. అడుగు పొర మీద స్పిరిట్‌లో ముంచిన దూది పెట్టి నిమిషం ఆగితే, అది జిగటగా కరిగి దూదికి అంటుకుంది. అంటే లక్క పాలిష్. స్పిరిట్‌కి లొంగక థిన్నర్‌కి మెత్తబడితే లాకర్ అనే పూత. రెండింటికీ కదలకపోతే నూనె వార్నిషో, ఎనామిలో, ఈ మధ్య వచ్చిన మెలమైన్, పీయూ (పాలీయురెథేన్) పాలిష్‌లో అయి ఉంటుంది.

ఇక్కడే చాలామంది చేసే పని, సాండింగ్ మెషీన్ తెచ్చి రంగు మీద పెట్టెయ్యడం. పాత ఎనామిల్ విషయంలో ఇది ప్రమాదం. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల్లో 90 వంతులు, మించకూడదన్న నియమం మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందరి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ఎనామిళ్ళలో సీసం ఉందనుకునే పని చెయ్యాలి. పొడిగా రుద్దితే ఆ దుమ్ము గాలిలోకి లేచి, నేల మీద పడి, పాకే పిల్లల చేతులకి అంటుతుంది. హీట్ గన్ పెట్టి మాడిస్తే పొగలో వస్తుంది. కాబట్టి తడి పద్ధతి ఒక్కటే దారి, అంటే రంగు తీసే జెల్. కింద పాత ఫ్లెక్సీ పరిచి, ఊడిన రంగంతా దాంట్లోనే చుట్టేసి, పెచ్చులు బాల్కనీ తూములోకి పోకుండా చూసుకున్నాను.

మా అపార్ట్‌మెంటుకి రంగులు వేయడానికి వచ్చిన ఒకాయన కాస్టిక్ సోడా నీళ్ళు పోస్తే గంటలో వదిలిపోతుందని సలహా ఇచ్చాడు. వదిలే మాట నిజమే. ఇనుప గేటుకైతే నేనూ అదే చేద్దును. టేకుకి మాత్రం వద్దు. సోడా టేకుని నల్లగా మార్చేస్తుంది, నీళ్ళతో జాయింట్లు ఉబ్బుతాయి, చెక్క నారలోకి దిగిన క్షారం తర్వాత ఎంత కడిగినా కొంత ఉండిపోయి కొత్త పాలిష్‌ని పాడు చేస్తుంది.

రంగు తీసే జెల్ కూడా చల్లటి మంచినీళ్ళేం కాదు. చాలా రకాల్లో ఉండే డైక్లోరోమీథేన్ చర్మం మీద పడితే నిప్పు పెట్టినట్టు మండుతుంది. మందుల షాపులో దొరికే పల్చటి గ్లవుజులు దాని ముందు నిలబడవు. మందపాటివి కావాలి, అవి కూడా తడిసిన వెంటనే మార్చుకోవాలి. కళ్ళద్దాలు తప్పనిసరి. గాలి ఆడని గదిలో అసలు మూతే తియ్యకూడదు. నేను పని చేసినంతసేపూ బాల్కనీ తలుపు ఇంటివైపు మూసే ఉంచాను.

జెల్‌ని బ్రష్‌తో ఒకే దిక్కుకి మందంగా పరచాలి. రంగు వేసినట్టు అటూ ఇటూ ఆడించకూడదు. పైన పాలిథిన్ కాగితం కప్పితే ఆరిపోకుండా పని చేస్తుంది. కాసేపటికి ఆకుపచ్చ పొర పాల మీద మీగడలా ముడతలు పడి పైకి లేచింది. అంచులు గుండ్రంగా అరగదీసిన లప్పం బ్లేడుతో నెమ్మదిగా తోస్తే మొదటి రెండు రంగులూ ఒకేసారి చుట్టుకుని వచ్చేశాయి. చాక్లెట్ రంగు మాత్రం మొండికేసింది. అది ప్రైమర్ లేకుండా నేరుగా పాత పాలిష్ మీదే వేసిన రంగు, పాలిష్‌తో పాటు చెక్క గుంటల్లోకి దిగిపోయింది. మళ్ళీ జెల్, మళ్ళీ కవరు. సిరాబుడ్ల గుంటల్లోకి, మూత అంచు గాడిలోకి బ్లేడు పోదు. అక్కడికి పాత టూత్‌బ్రష్షూ, వెదురు పుల్లా వాడాను. ఇనుప మొన అక్కడ పెడితే గీత పడుతుంది, వెదురు చెక్కని కొయ్యదు. చివర్లో థిన్నర్‌తో తడిపిన గుడ్డతో రెండుసార్లు తుడిచాను, జెల్‌లో ఉండే మైనం మిగిలిపోతే దాని మీద ఏ పాలిష్షూ నిలవదు.

ఇంతా చేసి ఇంకా ఉప్పుకాగితం చేతికి తీసుకోలేదు. నాకు తెలిసిన ఒక పాలిష్ మేస్త్రి ఉన్నారు, పెద్దాయన, చేతులు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. ఫోటోలు చూపిస్తే, "ఎనభై నెంబరు కాగితం పెట్టకమ్మా, గాజుపెంకు పెట్టు" అన్నారు. పాత మేస్త్రీలు పగిలిన కిటికీ అద్దం ముక్కతో చెక్కని గీకడం చిన్నప్పుడు చూశాను గానీ ఎందుకో తెలిసేది కాదు. గాజు అంచుని కొంచెం ముందుకి వంచి, నార వెంబడి లాగితే ఉల్లిపొరకంటే పల్చటి చీవులు వస్తాయి. చెక్క పోదు, దాని మీది మురికి పొర పోతుంది. ఉప్పుకాగితం అయితే చెక్కని నూరి పొడి చేస్తుంది, ఆ పొడి నార గుంటల్లో కూరుకుంటుంది. అంచులూ మూలలూ గుండ్రంగా అరిగిపోతాయి. గాజుతో నా వేళ్ళ మీద నాకు నమ్మకం లేక, అరిగిన హ్యాక్సా బ్లేడు ముక్క అంచుని ఆకురాయితో తిన్నగా చేసుకుని అదే పని చేశాను. పని బాగా జరుగుతోందా లేదా అన్నది చప్పుడులోనే తెలుస్తుంది. చీవు వస్తున్నప్పుడు సన్నగా చిర్రుమంటుంది, అంచు మొద్దుబారితే గరగరమంటుంది, పొడి రాలుతుంది. అప్పుడు ఆకురాయికి తిరిగి పని పడుతుంది.

మూత మధ్యలో ఆ బ్లేడు ఒకచోట తగలకుండా పల్లంలో తేలిపోయింది. చేత్తో తడిమితే తెలిసింది, కుడివైపు కాస్త కిందగా అరచేతి వెడల్పున చెక్క అరిగి ఉంది. ఏళ్ళ తరబడి మణికట్టు ఆన్చి రాసిన చోటు. మూతంతా చదును చెయ్యాలంటే దాని లోతుకి మిగతా చెక్కంతా చిత్రిక పట్టాలి. అలాగే వదిలేశాను. పాత సామాను బాగుచేయడంలో ఎంత చేశామన్న దానికంటే ఎక్కడ ఆపామన్నదే పనితనం అని నా అభిప్రాయం. పల్లం ఉండాలి, ముందు అంచున సిరా చిందిన మచ్చలు ఉండాలి, పురుగు పోవాలి, రంగు పోవాలి, ఊగే కాలు ఊగకూడదు. ఈ జాబితా మొదట్లోనే రాసి బాల్కనీ గోడకి అంటించుకున్నాను. లేకపోతే చెయ్యి ఆగదు, ఇంకొంచెం రుద్దుదాం, ఇంకొంచెం తెల్లగా చేద్దాం అనిపిస్తూనే ఉంటుంది.

మూత వెనక భాగంలో నల్లటి మరకలు మాత్రం సిరావి కావు. ఇనుప మేకుల చుట్టూ నీళ్ళు దిగి, చెక్కలోని రసాయనాలతో ఇనుము కలిసి ఏర్పడిన నలుపు. ఎంత గీకినా లోతుకి ఉంటుంది కాబట్టి పోదు. దీనికి ఆక్సాలిక్ ఆసిడ్ మందు. రసాయనాల కొట్లో పలుకుల రూపంలో దొరుకుతుంది. వేడినీళ్ళలో కరిగించి, మచ్చ మీద ఒక్కదాని మీదే కాకుండా ఆ పలకంతా సమానంగా పూయాలి, లేకపోతే నలుపు పోయి తెలుపు మచ్చ మిగులుతుంది. విషం కాబట్టి వంటగిన్నెలు వాడకూడదు. ఆరాక దాని పలుకుల్ని పొడిగా రుద్దితే ముక్కుల్లోకి పోతుంది, తడిగుడ్డతోనే తియ్యాలి. తర్వాత వంటసోడా నీళ్ళు, ఆ తర్వాత మామూలు నీళ్ళు. రెండో పూతకి నలుపు పల్చటి బూడిదరంగయింది, అక్కడికి చాలన్నాను. ఇదే ఆసిడ్ సిరా మచ్చల్ని కూడా తినేస్తుంది. పాత నీలి నలుపు సిరాల్లోనూ ఇనుమే ఉంటుంది మరి. అందుకే ముందు అంచుకి తగలకుండా టేపు కట్టుకున్నాను.

సొట్టలకి వైద్యం చాలా తేలిక. చెక్క తెగకుండా నొక్కుకుపోయిన చోట తడిగుడ్డ పెట్టి, పైన ఇస్త్రీ పెట్టె ఆనిస్తే ఆవిరికి నార ఉబ్బి పైకి లేస్తుంది. ఏదో బరువైన వస్తువు పడి మూత మూల మీద పడ్డ గుంట ఇలా నాలుగైదు వాతలకి దాదాపు సమమైంది. తెగిన చెక్కకి ఇది పని చెయ్యదు.

జాయింట్ల సంగతి చెప్పాలి. పాత వడ్రంగులు తోళ్ళూ ఎముకలూ ఉడికించి చేసిన జిగురు వాడేవారు. అది వేడికీ తడికీ కరుగుతుంది, బాగుచేసేవాళ్ళకి అదే వరం. ఊగే కాలు దగ్గర సిరంజితో వేడినీళ్ళు కొద్దికొద్దిగా ఎక్కించి, కొయ్య సుత్తితో లోపలివైపు నుంచి మెల్లగా కొడితే జాయింటు నలగకుండా విడివడింది. ఎండిన పాత జిగురంతా తడిగుడ్డతో, వెదురు పుల్లతో తీసెయ్యాలి. దాని మీదే ఫెవికాల్ పోస్తే చెక్కకి పట్టదు, పాత జిగురుకి పడుతుంది, నెల తిరక్కుండా మళ్ళీ ఊగుతుంది. క్లాంపులు కొనేబదులు పాత సైకిల్ ట్యూబుని పొడుగ్గా పట్టీలు కోసి, బిగించి చుట్టాను. అన్నివైపులా సమానంగా నొక్కుతుంది, చెక్క మీద గుర్తు పడదు. చుట్టాక ఎదురు మూలల మధ్య దూరం రెండు వైపులా టేపుతో కొలిచాను. రెండూ సమానంగా లేకపోతే పెట్టె వంకరపోయినట్టే, జిగురు ఆరకముందే సరిచేసుకోవాలి.

అడుగుకి కొత్తగా ప్లైవుడ్ వేసెయ్యమన్నారు అందరూ. అదేం తప్పు కాదు. నాకు పడగొట్టిన ఇళ్ళ కలప అమ్మేచోట పాత టేకు తలుపు రెక్క ముక్క దొరికింది, అది కోయించి వేశాను. వేసిన పద్ధతి ముఖ్యం. పలకని నాలుగు పక్కలా జిగురుతో బిగించకూడదు. అసలు చెక్క వర్షాకాలంలో అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుంటుంది. గాడిలో వదులుగా కూర్చుంటే దాని మానాన అది కదులుతుంది, బిగిస్తే పగుల్తుంది. మూత మీది పగులు అలా వచ్చిందే. రెండు పలకల్ని వెనక అడ్డబద్దకి మేకులతో గట్టిగా కొట్టేశారు, అవి కుంచించుకునే వీలులేక మధ్యలో విడిపోయాయి. ఆ సందులో రంపంపొట్టూ ఫెవికాలూ కలిపి నింపడం మనవాళ్ళ అలవాటు. పాలిష్ వేశాక ఆ గీత మచ్చలా తేలిపోతుంది, ఎందుకంటే జిగురు పాలిష్ పీల్చుకోదు. టేకు బద్దని సన్నగా చెక్కి, నార దిక్కు చూసుకుని, ఒక పక్కకే జిగురు రాసి దింపాను.

బందులు ఇత్తడివి. స్క్రూలు వాటి గాడిలో రంగు నిండి, కదలనని కూర్చున్నాయి. ముందు గాడిని సూదితో శుభ్రం చేసి, సరిగ్గా ఆ వెడల్పుకి సరిపోయే స్క్రూడ్రైవర్ పెడితేనే తిరుగుతాయి. రెండు తిరగలేదు. వాటి తల మీద సోల్డరింగ్ ఐరన్ కాసేపు ఆనిస్తే వేడికి వదులయ్యాయి. బందులకి చింతపండు, అంతకు మించి ఏ డబ్బా సామానూ అక్కర్లేదు. మెరుపు ఎక్కువైతే పాత చెక్క మీద కొత్తగా అతికించినట్టుంటుందని సగంలోనే కడిగేశాను.

ఇక పాలిష్. నేను వెయ్యాలనుకున్నది చపడా, అంటే రేకుల్లా దొరికే లక్క. ఇక్కడ మా మేస్త్రిగారితో నాకు పేచీ వచ్చింది.

"ఇప్పుడెవరు చపడా కొట్టించుకుంటున్నారమ్మా? మెలమైన్ కొట్టు, నీళ్ళు పడ్డా ఏం కాదు, అద్దంలా ఉంటుంది."

"అది పాడైతే ఎలా బాగుచెయ్యాలండీ?"

"పాడైతే... మొత్తం గీకి మళ్ళీ కొట్టాలి."

అదే నా అభ్యంతరం. మెలమైన్, పీయూ ఒకసారి గట్టిపడితే మళ్ళీ కరగవు. నిజానికి వంటింటి బల్లకీ, రోజూ పిల్లలు అన్నం తినే టేబుల్‌కీ అవే మంచివి, అందులో నాకు వాదన లేదు. నీళ్ళకీ వేడికీ స్పిరిట్‌కీ తట్టుకోవడంలో లక్క వాటి దరిదాపుల్లోకి రాదు. కానీ లక్క పాలిష్ మీద గీత పడితే, స్పిరిట్ తడిపిన గుడ్డ తగిలిస్తే చాలు, పాత పొర కరిగి కొత్త పొరతో కలిసిపోతుంది. ఎన్నేళ్ళయినా అంతే. ఆ డెస్కు మీద ఎనామిల్‌కి కింద ఉన్న పాత పాలిష్ అన్ని దశాబ్దాల తర్వాత కూడా దూదికి కరగడం నేను చూశాను కదా. రాతబల్లకి అది చాలు.

లక్క అంటే పురుగు ఇచ్చే జిగురు. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలకి గుంపులుగా అంటుకుని, రసం పీల్చి, తమ చుట్టూ గట్టి పొర కట్టుకుంటాయి. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి ఎక్కువగా వస్తుంది. దాని మీద పరిశోధనకి రాంచీ దగ్గర నామకుంలో 1920ల్లోనే సంస్థ పెట్టారు. మన ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మల్ని తరిణె మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుందే, ఆ లక్కే. మనం చెక్కకి స్పిరిట్‌లో కరిగించి వాడతాం, వాళ్ళు వేడితో కరిగిస్తారు.

లీటరు స్పిరిట్‌కి పావుకిలో చపడా, నేను కలిపిన పాళ్ళు ఇవి. చివరి పూతలకి ఇంకా పల్చన చేసుకోవాలి. గాజు సీసాలోనే కలపాలి, ఇనుప డబ్బాలో పోస్తే రంగు నల్లబడుతుంది. రాత్రంతా నాననిచ్చి, మధ్యమధ్య కుదిపి, పల్చటి గుడ్డలో వడకట్టుకోవాలి. పొద్దున్నే ఒక గాజుముక్క మీద చుక్క రాసి చూశాను. ఆరి గోటికి గట్టిగా తగిలితే మంచిది. కలిపి నెలల తరబడి నిలవబెట్టిన లక్క ఎప్పటికీ జిగటగానే ఉంటుంది, అందుకే సరిపడేంత మాత్రమే కలుపుకోవాలి. ఆ స్పిరిట్ తాగేది కాదు, మిథనాల్ కలిపి ఉంటుంది, ఆవిర్లు కూడా పీల్చకూడదు. దీపం, సిగరెట్ దగ్గరికి రాకూడదని వేరే చెప్పక్కర్లేదు.

వానలు వెళ్ళేదాకా పాలిష్ మొదలుపెట్టలేదు. గాలిలో తేమ ఎక్కువుంటే, స్పిరిట్ ఆరేటప్పుడు చెక్క మీది గాలి చల్లబడి, ఆ తేమ పొరలోకి చేరి పాలిష్ తెల్లబారుతుంది. కోనసీమలో అయితే నాకు ఏడాదిలో ఎన్ని రోజులు దొరికేవో తెలీదు. హైదరాబాదు చలికాలం ఈ పనికి పెట్టింది పేరు.

పూసే ముందు 180, 220 నెంబర్ల కాగితంతో నార వెంబడి తేలిగ్గా రుద్ది, టేకు నూనెతనం పోవడానికి స్పిరిట్‌తో తుడిచాను. టేకులో నార గుంటలు లోతు. కొత్త చెక్కకయితే చాక్ పొడిలో జాజు కలిపి, నారకి అడ్డంగా రుద్ది నింపాలి. రంగు కలపకుండా ఉత్త చాక్ పొడి పెడితే గుంటలన్నీ తెల్లగా తేలతాయి. మా డెస్కుకి పాత పాలిష్ గుంటల్లో మిగిలే ఉంది కాబట్టి కొత్తగా వేసిన అడుగు పలకకీ, బద్దకీ మాత్రమే ఆ పని పడింది.

మొదటి రెండు పూతలు బ్రష్‌తో. తర్వాతంతా గుడ్డ ఉండ. లోపల పాత బనియను ముక్క, పైన బాగా ఉతికి ఉతికి మెత్తబడ్డ పంచె ముక్క. లక్క లోపలి ఉండకి పట్టించి, పైగుడ్డలోంచి చెమర్చేలా మడవాలి. తెల్ల కాగితం మీద నొక్కితే తడి గుర్తు పడాలి, కారకూడదు. దీనికి ఉన్న నియమమల్లా ఒకటే, ఉండ చెక్క మీద ఆగకూడదు. బయటినుంచి జారుతూ రావాలి, బయటికి జారుతూ పోవాలి. ఆగిన చోట కింది పొర కరిగి గుడ్డ అచ్చు పడుతుంది. మొదట నార వెంబడి, పొర కొంచెం మందమయ్యాక గుండ్రంగా, ఎనిమిది అంకె వేసినట్టు. ఉండ పట్టేస్తున్నట్టనిపిస్తే అడుగున ఒక్క చుక్క అవిసె నూనె. అంతకు మించితే తర్వాత పొర మీద మసగ్గా తేలుతుంది.

ఆ నూనె గుడ్డల గురించి ఒక హెచ్చరిక. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది. నూనె తడిసిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే ఆ వేడి బయటికి పోలేక వాటంతట అవే అంటుకోవచ్చు. ఇది కట్టుకథ కాదు, ఎవరూ నిప్పు పెట్టకుండానే వడ్రంగి షెడ్లు ఇలా కాలాయి. విడదీసి బాల్కనీ ఊచల మీద ఆరేసి, గట్టిపడ్డాకే పారేశాను.

రోజుకి రెండు మూడు పూతలు, మర్నాడు చెయ్యి పెట్టి చూడటం, 320 కాగితంతో అతి పల్చగా ఒక్కసారి తడమటం, మళ్ళీ పూతలు. ఇందులో చెప్పడానికేం లేదు, చేస్తూ పోవడమే. ఒక సాయంత్రం మూత మీద బల్బు వెలుగు అంచులు చెదరకుండా కనపడింది. అక్కడితో ఆపి, ఉండలో లక్క లేకుండా స్పిరిట్ చెమ్మ మాత్రం ఉంచి, నార వెంబడి గాలిలా ఆడించి నూనె తీసేశాను. పెట్టె లోపల మాత్రం రెండు పల్చటి లక్క పూతలే, నూనె అసలు తగలనివ్వలేదు. మూసి ఉండే అరల్లో నూనె పూస్తే ఏళ్ళ తరబడి మాగిన వాసన పోదు, కాగితాలకి పడుతుంది. కొన్ని వారాలు గట్టిపడనిచ్చి, టర్పెంటైన్‌లో కరిగించిన తేనెమైనం పైన పల్చగా రాశాను.

బాబాయికి ఫోటో పంపితే, "ఇది మనదేనా?" అని అడిగి, ఆ వెంటనే "సిరా మరకలెందుకు వదిలేశావ్?" అన్నాడు. మేస్త్రిగారు ఇంటికొచ్చి, మూతని వంగి ఏటవాలు వెలుతురులో చూసి, ఎడమ మూల దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ ఉండ ఆగింది" అన్నారు. నిజమే, వెతికితే కనపడుతుంది.

పాలిష్ పూర్తయి ఇంట్లోకి వచ్చిన నెలకే మా ఆయన దాని మీద వేడి కాఫీ గ్లాసు పెట్టి పేపరు చదివారు. గ్లాసు తీసేసరికి గుండ్రంగా తెల్లటి వలయం. ఆయన మొహం చూసి జాలేసింది గానీ, నేను లోపల్నుంచి సీసా, పంచె ముక్క తెచ్చుకుని, ఉండకి స్పిరిట్ చెమ్మ పట్టించి, వలయం మీదుగా ఆగకుండా కొన్నిసార్లు ఆడించాను. చిక్కుకున్న తేమ బయటికి పోయి తెలుపు మాయమైంది. పైన రెండు పూతలు వేసి ఆరబెట్టాను. ఆ పనిలో మేస్త్రిగారు చూపించిన ఎడమ మూలని కూడా కలుపుకున్నాను.